కచేరి గోడకు ముందు ముప్పది అడుగులు

(ప్రభుత్వ భవనముల రక్షణ విన్యాసమును గూర్చిన స్మారకోపన్యాసము)



ఈ యుపన్యాసము ఎవరి స్మృతికి అంకితమో ఆ మహనీయులు నాకు గురువులు. గురువుల పేరు శిష్యుడు నోట పలుకరాదని మా యింటి పెద్దలు చెప్పియుండిరి. కావున ఈ గంటసేపును వారిని మేష్టరుగారనియే పేర్కొందును. ఈ సభలోనివారిలో పలువురకు ఆ పిలుపే వారి పేరు. వారు ప్రజాపనుల శాఖలో మూడు దశాబ్దములకు పైబడి పనిచేసిరి. పేరు మోసిన ఆనకట్ట గాని, దూరమునుండి జనులు చేయెత్తి చూపు గోపురము గాని వారి చేతిమీదుగా లేవలేదు. వారు కట్టించినవి తాలూకా కచేరులు, ఉపఖజానాలు, రిజిస్ట్రారు కార్యాలయములు, మునసబు కోర్టులు, పోలీసు ఠాణాలు. పేదవాడు తన జీవితములో నాలుగైదు పర్యాయములైనను తప్పనిసరిగా మెట్లెక్కవలసివచ్చు కట్టడములు. అట్టి కట్టడమును రక్షించుట యెట్లు, ఆ రక్షణాలోచన యెప్పుడు మొదలుకావలెను అను ప్రశ్న వారిని కడవఱకు వదలలేదు. వారినుండి నాకు సంక్రమించిన ఆ ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో మేష్టరుగారు నన్నొక ఉపఖజానాకు వెంటబెట్టుకొని పోయిరి. అక్కడి స్ట్రాంగు రూమును ఇంజనీరు పరీక్షించి యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చిననే గాని అందులో ధనముంచుటకు వీలులేదు. ఆ పరీక్షకై పోయితిమి. గదికి ఒకటే ద్వారము. కిటికీ లేదు, కప్పునకు దగ్గఱగా మనిషి తల దూరని ఇనుప కమ్ముల గవాక్షము మాత్రము కలదు. తలుపునకు రెండు తాళములు, ఆ రెంటికి రెండు తాళపుచెవులు, ఆ చెవులు ఇద్దఱు వేర్వేఱు ఉద్యోగుల వద్ద. ఏ యొక్కరును ఒంటిగా తలుపు తీయజాలరు. పగలు కాపలా జవాను ఎక్కడ నిలువవలెనో, రాత్రి ఎక్కడ నిలువవలెనో తెలుపు కాగితమొకటి చట్రము కట్టి గోడకు తగిలింపబడియుండెను. నేను ఆ కాగితము చదువుచుండగా మేష్టరుగారు గోడను పిడికిలితో తట్టి చూచుచు, "మందమెంతోయి?" అని యడిగిరి. టేపు పెట్టి కొలిచి, రెండడుగుల మూడంగుళములని చెప్పితిని.

"గునపముతో కన్నము వేయుటకెంతసేపు పట్టును?"

"గంటన్నర పట్టవచ్చునండి."

"జవానుకు చప్పుడు వినబడునా? వినబడిన, ఠాణానుండి మనుషులు వచ్చుటకెంతసేపు?"

ఠాణా అదే యావరణములో నున్నదనియు, పది నిమిషములు చాలుననియు చెప్పితిని. "అట్లయిన ఈ గోడ మంచిది. ఠాణా అయిదు మైళ్ల దూరముననున్న ఊరిలో ఇదే గోడ చెడ్డది" అని వారు బయటకు నడచిరి.

తరువాతి కాలమున నేను చదివిన రక్షణశాస్త్ర గ్రంథములన్నియు ఈ సంభాషణకు వ్యాఖ్యానములుగనే నాకు తోచినవి. దుర్మార్గుని మనస్సును ముందే మరలించుట, మరలనివాని రాకను కనిపెట్టుట, వాని పనిని ఆలస్యపఱచుట, ఆ యాలస్యములోపల బలగము వచ్చి పట్టుకొనుట అని ఆ శాస్త్రజ్ఞులు నాలుగంచెలుగా చెప్పుదురు. గోడ చేయునది మూడవ పనియే. దొంగను గోడ ఆపదు. దొంగకు కావలసిన కాలమును గోడ పెంచును. ఆ కాలమును వాడుకొను మనుష్యుడు లేనిచో ఎంత మందపు గోడయైనను వట్టి ఇటుకల ఖర్చు. ఎన్నికలలో ఓట్ల యంత్రములుంచు గదికి నేడును ఒకటే ద్వారముండుట, రెండు తాళములుండుట, పోటీచేసినవారు సైతము తమ ముద్రలు వేయుటకును, ఆ తలుపును రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండుటకును అనుమతి కలుగుట, ఆ పాత ఖజానాగది బుద్ధికి కొనసాగింపే.

ఈ చింత నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దముల కాలము పేరు మాత్రమే వినబడుచుండి, 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారి కంటబడి, 1909లో ముద్రితమైనది. దాని రెండవ యధికరణములో దుర్గవిధానమును, ఆ వెంటనే దుర్గములోపలి నివేశమును, పిదప కోశాధికారియగు సన్నిధాత కట్టింపవలసిన కోశగృహమును వరుసగా చెప్పబడినవి. దుర్గము చుట్టు మూడు పరిఖలు త్రవ్వవలెననియు, వాని వెడల్పు క్రమముగా 14, 12, 10 దండములుండవలెననియు, లోపలి పరిఖకు 4 దండముల దూరమున 6 దండముల యెత్తు వప్రమును, అనగా మట్టికట్టను, లేపవలెననియు కౌటిల్యుడు లెక్క కట్టెను. దండమన్న సుమారు ఆరడుగులు. ఆ సంఖ్యలకంటె వాని వెనుకనున్న క్రమము గమనింపదగినది: ముందు దూరము, పిదప నీరు, పిదప మట్టి, పిదప ప్రాకారము, దాని లోపల వీథులు, వీథుల నడుమ కొలువు. ఏ యొక్క గోడను ఆయన నమ్ముకొనలేదు. కోశగృహమును గూర్చి చెప్పునపుడు, తేమ తగులనంత లోతున చతురస్రముగా గోయి త్రవ్వి, అడుగును ప్రక్కలను పెద్ద రాతిపలకలతో పఱచి, గట్టి కఱ్ఱతో మూడంతస్తుల భూగృహము నిర్మించి, దానికి ఒకటే ద్వారమును, తీసివేయుటకు వీలైన మెట్లను అమర్చుమనెను. నేను ఉపఖజానాలో చూచిన ఒంటి ద్వారమునకు రెండువేల యేండ్ల వంశవృక్షము కలదని ఆ పుట చదివిన దినమున తెలిసికొంటిని.

మన తెలుగు నేలమీదనే ఈ విద్యకు రెండు గొప్ప పాఠశాలలు కలవు. ఓరుగల్లు కోటకు లోపల రాతిగోడ, వెలుపల మట్టికోట, రెంటికిని అగడ్తలు. మాలిక్ కాఫూర్ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో, మట్టిగోడకు తగిలిన గుండ్లు పిల్లలాడుకొను కాయలవలె ఎగిరి వెనుకకు పడునంత గట్టిదని దానిని చెప్పెను. ఆ రాతికోట ద్వారములకడ నిలిచి చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. వెలుపలినుండి వచ్చువానికి లోపలి దారి తిన్నగా కనబడదు; ఒక మలుపు తిరిగి, ప్రక్కగోడలపైనున్న కావలివాండ్ర కన్నులక్రింద కొంత నడచి, మఱియొక మలుపు తిరిగినగాని నగరము కానరాదు. ఏనుగునకు పరుగు దొరకినచో తలుపు నిలువదని ఆ శిల్పులకు తెలియును. కావున పరుగెత్తు దారినే లేకుండ చేసిరి. ఈనాడు విదేశములలో రాయబార కార్యాలయములకు పోవు బాటను వంకరలు త్రిప్పి, లారీకి వేగము రాకుండ కట్టుచున్నవారు కాకతీయుల స్థపతులకు తమకు తెలియకయే శిష్యులైరి.

గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటముక్రింద చఱచిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరముననున్న బాలాహిస్సారుపై వినబడుట యాత్రికులకు వినోదము. ఏనుగుల కుంభస్థలములు ఆనకుండ ఆ తలుపులకు దిగగొట్టిన ఇనుప మేకులను పిల్లలు తాకి చూచెదరు. కాని ఆ కోటనుండి నేర్వవలసిన ముఖ్యపాఠము తలుపులలో లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలపాటు దానిని ముట్టడించెను. ఫిరంగులు గోడను కూల్చజాలలేదు, సురంగములు పారలేదు. తుదకు లోపలి సర్దారొకడు ధనమునకు లొంగి తలుపు తీసెను. ఒక తలుపు ఒక్క మనుష్యుని చేతిలో నుండుటయే ఆ కోటలోని బలహీనమైన రాయి. మేష్టరుగారు ఖజానాగది రెండు తాళపుచెవులను గూర్చి మాటాడినప్పుడెల్ల గోల్కొండ కథను తప్పక చెప్పెడివారు. 

అయినను కోటకును కచేరికిని ఒక ప్రధానభేదము కలదు. కోట శత్రువును బయటనుంచుటకు పుట్టినది. దాని గుమ్మమున పరాయివాడు అనుమానపాత్రుడు. కచేరి పరాయివానికొఱకే పుట్టినది. దాఖలా పత్రమునకు వచ్చిన విద్యార్థియు, పట్టాదారు పుస్తకముకై వచ్చిన రైతును, పింఛను ఆగిపోయి కాగితములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకొన్న వృద్ధురాలును రాకపోయినచో ఆ భవనమునకు ప్రయోజనమే లేదు. కావున కోటశాస్త్రమును ఉన్నదున్నట్లు తెచ్చి కచేరికి తగిలించుట పొరపాటు. తెఱచియుండవలసిన భవనమును ఎట్లు కాపాడవలెననునదే మన కాలపు చిక్కు. ఆ చిక్కు ఎంత భయంకరమైనదో ప్రపంచమునకు ఎఱుకపడిన దినము 1995 ఏప్రిల్ 19. ఆ సంగతిని కొంత నిలిచి చెప్పవలసియున్నది.

అమెరికాలో ఓక్లహోమా నగరమున ఆల్ఫ్రెడ్ మర్రా పేరిట తొమ్మిదంతస్తుల ఫెడరల్ కార్యాలయ భవనముండెను. 1977లో పూర్తియైనది. పింఛనుల కార్యాలయము, గృహనిర్మాణ శాఖ, సైన్యమునకు యువకులను చేర్చుకొను కార్యాలయము వంటివెన్నియో అందులో నుండెను. రెండవ అంతస్తులో ఉద్యోగుల పిల్లలకై శిశుగృహముండెను. ఉత్తరపు ముఖమంతయు అద్దములు. ఆ యద్దముల ముందు, వీథి యంచుననే, వాహనములు నిలిపి మనుషులను దింపు చోటు కలదు. ఆ ఉదయము 9 గంటల 2 నిమిషములకు ఆ చోట నిలిపిన అద్దె లారీలోని పేలుడు పదార్థము పేలినది. 168 మంది మరణించిరి. వారిలో 19 మంది పిల్లలు.

ఈ సంఖ్యను చదివి కన్నీరు పెట్టుట మానవధర్మము. ఆ పిదప, వీరందఱు ఏ కారణమున మరణించిరని యడుగుట ఇంజనీరు ధర్మము. పరిశోధకులు శిథిలములను పరిశీలించి 1996లో ప్రకటించిన నివేదికలో తేలిన సత్యము మనలను కుదిపివేయును. మృతులలో అత్యధికులు పేలుడు తాకిడివలన గాక, భవనము కూలి మీద పడుటవలన మరణించిరి. ఎందుకు కూలినది? పై యంతస్తులలో ఉత్తరపు వరుస స్తంభములు 20 అడుగులకొకటి చొప్పున నుండెను. క్రింద ప్రవేశము విశాలముగా, సొగసుగా కనబడుటకై వానిలో ఒకటి విడిచి ఒకటి తీసివేసి, 40 అడుగులకొక స్తంభము నిలిపి, తీసివేసిన వాని భారమును మోయుటకు మూడవ అంతస్తుకడ ఒక పెద్ద బీమును పఱచిరి. లారీకి సుమారు 15 అడుగుల దూరముననున్న స్తంభము పేలుడునకు పిండియైపోయెను. దాని కిరుప్రక్కల స్తంభములు విరిగెను. మూడు స్తంభములు పోగానే ఆ బీమునకు ఆధారము పోయెను; బీము పోగానే దానిపై నిలిచిన పై యంతస్తుల స్తంభములన్నియు ఒకదానివెంట ఒకటి దిగిపోయెను. భవనములో ఇంచుమించు సగము నేలపాలయ్యెను.

ఆ భవనమును కట్టినవారు తప్పు చేయలేదు. ఆనాటి నిబంధనలను వారు పాటించిరి. ఒక స్తంభము పోయినచో భారము మఱియొక దారిని నేలకు చేరునా అను ప్రశ్న ఆనాటి నిబంధనలలో లేదు. ఆ ప్రశ్న అప్పటికే ప్రపంచములో పుట్టియుండెను. 1968 మే నెలలో లండనులోని రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల నివాసగృహములో పదునెనిమిదవ అంతస్తున వంటగ్యాసు పేలి, ఒక మూల గోడ ఊడిపోగా, ఆ మూలయంతయు పేకముక్కల మేడవలె పైనుండి క్రిందివఱకు జారిపోయెను. నలుగురు మరణించిరి. బ్రిటిషువారు తమ నిర్మాణచట్టమును వెంటనే మార్చుకొనిరి. ఆ సంవత్సరమే మన దేశమున పేలుళ్లను తట్టుకొను కట్టడములకై ఐఎస్ 4991 అను ప్రమాణము వెలువడినది. విద్య యుండెను, అది నిత్యము గీయు కచేరి ప్లానులలోనికి దిగిరాలేదు.

ఓక్లహోమాను గూర్చిన ఆ 1996 నివేదికలో మఱియొక వాక్యార్థము నా హృదయమున నాటుకొన్నది. భూకంప ప్రాంతములలో వాడు పద్ధతిని కడ్డీలు కట్టియున్నచో, మర్రా భవనములో కూలిన వైశాల్యము సగమునకు పైగా తగ్గియుండెడిదట. ఆ పద్ధతి మనకు క్రొత్తది కాదు. మన ఐఎస్ 13920 ప్రమాణము 1993 నుండి చెప్పుచున్నది అదియే: స్తంభములో నిలువు కడ్డీల చుట్టు కట్టు రింగులు దగ్గఱ దగ్గఱగా నుండవలెను, రింగు కొన 135 డిగ్రీలు వంగి స్తంభగర్భములోనికి చొచ్చియుండవలెను. 90 డిగ్రీలు వంచుట పనివానికి సుళువు. ఒక్క విసురున అయిపోవును. పైకి రెండును ఒకటే రింగు. కాంక్రీటు పోసిన పిదప ఏ యధికారియు చూడజాలడు. కాని స్తంభమునకు దెబ్బ తగిలి పైపొర రాలిన నిమిషమున 90 డిగ్రీల కొక్కెము విచ్చుకొనును, లోపలి కాంక్రీటు చెదరిపోవును. 135 డిగ్రీల కొక్కెము పట్టిన పట్టు విడువదు. మేష్టరుగారు పనిస్థలమునకు వచ్చిన, అందఱు స్లాబువైపు దారితీయుచుండగా, వారు కడ్డీలు వంచు బల్లవద్దకు పోయి, కుప్పలోనుండి ఒక రింగు తీసి, తమ చూపుడువేలిని ఆ కొక్కెములో పెట్టి చూచెడివారు. వేలు జారివచ్చినచో ఆ దినపు రింగులన్నియు మరల వంపించెడివారు. కడ్డీలు వంచు మేస్త్రీకి కూలి నష్టము కలుగకుండ ఆ గంటలకు కూడ పట్టీ వ్రాయించెడివారు. వేయిమంది ప్రాణములు ఆ వ్రేలి మొనయందున్నవని నేననిన అతిశయోక్తి కాదు.

పేలుడునకు విరుగుడులలో మొదటిది దూరము. ఇది భౌతికశాస్త్ర నియమము. పేలుడు దెబ్బ దూరముతోపాటు ఎంత వేగముగా క్షీణించునన, దూరము రెండింతలైనచో మునుపటి దెబ్బయే తగులుటకు ఎనిమిదింతల మందుగుండు కావలెను. గోడను రెండింతలు మందము చేసిన ఈ లాభము రాదు. ఓక్లహోమా దుర్ఘటన జరిగిన మఱునాడే అమెరికా అధ్యక్షుని యాజ్ఞపై ఆరంభమైన పరిశీలనము జూన్ 28 నాటికి ముగిసి, 52 కనీస ప్రమాణములను సూచించి, ఫెడరల్ భవనములను అయిదు తరగతులుగా విభజించినది. దుర్ఘటన జరిగిన సరిగా ఆరు నెలలకు, అక్టోబరు 19న, ఈ ప్రమాణములను నిర్వహించుటకు శాఖలన్నిటి ఉమ్మడి సంఘమేర్పడినది. ఆ విభజనము నాకు మిక్కిలి వివేకవంతముగ తోచును. పదిమందిలోపు ఉద్యోగులున్న చిన్న కార్యాలయము మొదటి తరగతి. 450 మందికి పైబడి పనిచేయు భవనము నాల్గవది. సైనిక ప్రధాన కేంద్రము వంటివి అయిదవవి. పల్లెలోని కార్యాలయమునకు సచివాలయపు గేటు తగిలించుట ధనవ్యయమేగాక, పల్లెవానికి అవమానము. ఏ భవనమునకు ఏ కీడు సంభవింపవచ్చును, సంభవించిన ఎంత నష్టము అని ముందు తూచి, ఆపైననే ఇటుక పేర్పింపవలెను. మన దేశమున అనేక చోట్ల తూకము లేకయే గేటు వచ్చుచున్నది. పెద్ద ఊరిలో చూచిన ఇనుప చట్రము చిన్న ఊరిలోను నిలుచును. దానిలోనుండి నడచువారిని చూడవలసిన మనిషి మాత్రముండడు. ఇది నన్ను నిజముగా బాధించు విషయము.

ఓక్లహోమాలో ఆ శిథిలస్థలమున నేడు స్మారకోద్యానమున్నది. 168 ఖాళీ కుర్చీలు తొమ్మిది వరుసలుగా నిలిపిరి. తొమ్మిది వరుసలన తొమ్మిదంతస్తులు. ఎవరే యంతస్తులో నుండిరో వారి కుర్చీ ఆ వరుసలో నున్నది. పిల్లలవి చిన్న కుర్చీలు. వానిలో పెక్కులు రెండవ వరుసలో గుమిగూడియుండును. నేను ఆ చిత్రమును చూచినప్పుడు దానిని ఒక ప్లానుగా చదివితిని. శిశుగృహము, ముందు వీథి, వీథియంచున బండి నిలుపు చోటు: ఈ మూడింటిని అంత దగ్గఱగా పెట్టిన గీతను అక్కడ కుర్చీలతో మరల గీసినట్లున్నది. సమీపముననే కేరొల్ రాస్ బార్నీ అను వాస్తుశిల్పిని రూపకల్పన చేసిన క్రొత్త ఫెడరల్ భవనము లేచినది. అది ఎత్తు తక్కువ, వీథినుండి వెనుకకు జరిగియున్నది, నడుమ అంగణము కలది. వాహనములను ఆపు ఇనుప గుంజలు వీథియంచుననే నిలిచిపోగా, లోపలికి వెలుగును, మనుష్యులును ధారాళముగా వత్తురు. భయపడి కట్టిన భవనమువలె అది లేదు.

అద్దమును గూర్చి ఒక్క మాట చెప్పక సాగలేను. 1998 ఆగస్టు 7న నైరోబీలోని అమెరికా రాయబార కార్యాలయముపై దుండగులు లారీతో దాడి చేసిరి. వెనుక గేటు కాపలాదారు గేటు తీయుటకు నిరాకరించెను. వారు గ్రెనేడు విసరిరి, తుపాకులు కాల్చిరి. ఆ చప్పుడు విని చుట్టుపట్ల భవనములలోని ఉద్యోగులు ఏమి జరిగెనో చూచుటకు కిటికీలకడకు వచ్చిరి. ఆ క్షణముననే లారీ పేలినది. ఆ నగరమున 213 మంది మరణించిరి. అద్దపు పెంకులు తగిలి చూపు కోల్పోయినవారు ఎందఱో. చప్పుడైన కిటికీకి పోవుట మానవ స్వభావము. ఆ స్వభావమును ఎఱిగిన శిల్పి, రెండు పలకల నడుమ సాగు పొర నుంచి అతికిన అద్దమును వాడును. అది పగిలినను పెంకులు పొరకంటుకొని చట్రములోనే వ్రేలాడును. ఆ రాయబార కార్యాలయము రద్దీ వీథుల కూడలిలో, వీథికి ఆనుకొనియుండెను. బీరూటులోని అమెరికా రాయబార కార్యాలయముపై జరిగిన బాంబు దాడి పిమ్మట 1985లోనే ఒక సంఘము రాయబార భవనములకు 100 అడుగుల ఎడముండవలెనని చెప్పియుండెను. పాత భవనమును వెనుకకు జరుపుటకు ఎవరితరము? అందుచేతనే ఈ రక్షణాలోచన మొదటి గీతనాడే కావలెనని నేను మనవి చేయుచున్నాను.

అప్పటి మన పార్లమెంటు భవనముపై 2001 డిసెంబరు 13న జరిగిన దాడి మనందఱికి జ్ఞాపకమే. 1927 జనవరిలో ప్రారంభమైన ఆ వర్తులాకార భవనపు ఆవరణలోనికి హోంశాఖ దొంగచీటీ అంటించిన తెల్లని ఎంబాసిడర్ కారులో అయిదుగురు వచ్చిరి. కాగితపు చీటీని నమ్మిన గేటు వారిని లోనికి పంపెను. వారు అడ్డదిడ్డముగ కారు మరలించుచు ఉపరాష్ట్రపతి వాహనమునకు తగిలించిరి. పరుగెత్తి కేక పెట్టిన కమలేశ్ కుమారి అను కేంద్ర రిజర్వు పోలీసు కానిస్టేబులు అక్కడనే నేలకొరిగెను. సభాభవన సేవకులు తలుపులన్నియు మూసివేసిరి. లోపల పెక్కుమంది సభ్యులుండిరి. అప్పటి లోక్‌సభాపతి మన కోనసీమవారైన జి.ఎం.సి. బాలయోగిగారు. తొమ్మిది మంది ప్రాణములర్పించిరి. వారిలో ఒకరు తోటమాలి. అయిదుగురిలో ఒక్కడును గడప దాటలేదు. ఇందు గ్రహింపవలసినది, మోసపోయిన అంచె వెనుక మఱియొక అంచె యుండుటయు, ఆ తలుపులు వెంటనే మూయుటకు అనువుగా నుండుటయు, మూయవలెనని తోచిన మనుష్యులు వాని దగ్గఱ నిలిచియుండుటయును.

మూయుట యెంత యవసరమో తీయుట అంత యవసరము. ఒక జిల్లా కార్యాలయమున (ఊరు పేరు చెప్పను) నేను పర్యవేక్షించిన భవనమును మేష్టరుగారు చూడవచ్చిరి. రెండవ మెట్లదారి అడుగున కటకటాల గేటు, దానికి పెద్ద తాళము. దొంగల భయమున వేసిరని చెప్పితిని. "చెవి ఎవరిదగ్గఱ నున్నది?" అని యడిగిరి. వాచ్‌మన్‌వద్ద ననిరి. వాచ్‌మన్ భోజనమునకు పోయెను. మేష్టరుగారు ఆ గేటుముందు మెట్టుపై కూర్చుండి, గడియారము చూచుకొనుచు, అతడు వచ్చువఱకు మాటాడలేదు. నలువది నిమిషములు. పైన రికార్డుగదిలో కప్పువఱకు దస్తరములు, వాని నడుమ ఇరువదిమంది గుమాస్తాలు పనిచేయుచుండిరి. ఆ నలువది నిమిషములలో నా చొక్కా చెమటతో తడిసిపోయెను. మన కచేరులకు బాంబుకంటె అగ్ని నిత్యశత్రువు. వెలుపలినుండి తెఱువరాక, లోపలినుండి ఒక్క నెట్టుతో తెఱచుకొను తలుపు బజారులో దొరకును. ఆ వారముననే ఆ తాళము తీయించి అట్టి తలుపు పెట్టించితిని.

ఇక కన్నులను గూర్చి. మన పల్లెలలో వీథి అరుగుమీద కూర్చున్న తాతగారు ఏ వేతనము లేని కావలి, క్రొత్త మనిషి వీథిలో అడుగుపెట్టగానే "ఎవరింటికి బాబూ?" అని యడుగును. పాశ్చాత్య పండితులు గత శతాబ్ది ఉత్తరార్ధమున సహజ పర్యవేక్షణమని పేరు పెట్టి గ్రంథములు వ్రాసినది ఈ అరుగును గూర్చియే. తాలూకా కచేరికి అట్టి అరుగు వేపచెట్టు నీడ. అక్కడ దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు, అర్జీలు వ్రాయువారు, టీ బండి. ఎవరు వచ్చిరో, ఎవరు మూడు దినములుగా ఊరక తిరుగుచున్నారో వారికి తెలిసినంత ఏ కెమెరాకు తెలియదు. నేనెఱిగిన ఒక చోట భద్రత పేరిట తొమ్మిదడుగుల ప్రహరీ లేపి, వీరినందఱిని వీథిలోనికి వెళ్లగొట్టిరి. గోడ లేచిన పిదప లోపలి ఆవరణ వీథినుండి కనబడదు, వీథి లోపలినుండి కనబడదు. సంవత్సరము తిరుగకమునుపే ఆ గోడ చాటున కిటికీ కమ్మి కోసి దొంగలు ప్రవేశించిరి. చూపు దూరు కమ్ముల కంచె పెట్టియున్నచో ఆ పని అంత నెమ్మదిగా సాగెడిది కాదు.

మేష్టరుగారు ఆరోగ్యము క్షీణించిన పిదప కడపటిసారిగా చూచిన పనిస్థలము ఒక క్రొత్త తాలూకా కచేరిది. ఆనాడు ముగ్గు పోయుచుంటిమి. రోడ్డంచునుండి ఎనిమిదడుగులు విడిచి ముందుగోడకు దారము లాగియుంటిని. రోడ్డున పోవువారికి భవనము నిండుగా కనబడవలెనని నా కోరిక. వారు కారు దిగి, గొడుగు ఊతగా రోడ్డుకు అడ్డముగా నడచి, అడుగులు లెక్కించి, "ముప్పది అడుగులు వెనుకకు" అనిరి. అట్లయిన వెనుక స్థలము చాలదని నేను వాదించితిని. వెనుకనున్న వాహనముల కొట్టమును ప్రక్కకు మార్చవచ్చునని గొడుగు మొనతో నేలపై గీచి చూపిరి. కొయ్యమేకులు పెరికి మరల పాతితిమి. ముందు విడిచిన చోట ఒక వేపచెట్టుండెను. నా ప్లానులో దానిని కొట్టివేయవలసియుండెను. దాని చుట్టు రాతి తిన్నె కట్టుమనిరి. ఆ తిన్నె రెండడుగుల యెత్తు, మూడడుగుల మందముండవలెననిరి, ఇటు అటు రాతిగుంజలు పాతించుమనిరి. "కూర్చుండుటకా, బండ్లు రాకుండుటకాండి?" అని యడిగితిని. "ముందు కట్టవోయి" అనిరి.

మొన్న వేసవిలో ఆ ఊరిమీదుగా పోవుచు దిగితిని. చెట్టు పెద్దదైనది. తిన్నె రాళ్లు కూర్చుండి కూర్చుండి నునుపెక్కినవి. ఒక లేఖరి చిన్న బల్ల వేసికొని అర్జీ వ్రాయుచుండెను. అతని ప్రక్కన ఒక ముసలమ్మ తన ప్లాస్టిక్ సంచి విప్పి, కాగితములను ఒడిలో పఱచుకొని, ఒకదానిని చూపుచు, "ఇది కాదు నాయనా, రెండోది" అనుచుండెను. ఒక లారీ రోడ్డుమీద నిలిచియుండెను; దానికి గోడకు నడుమ ఆ ముప్పది అడుగులు, ఆ తిన్నె, ఆ నీడ ఉండెను.